తాళం గట్టిదే, తాళంచెవి ఎక్కడ పెట్టారు?

ఎన్‌క్రిప్షన్ అంటే, తాళంచెవి లేనివాళ్లకి చదవడానికి వీల్లేకుండా సమాచారానికి వేసే తాళం. ఎవరి ఖాతానో ఖాళీ అయిందని వినగానే చాలామంది అనే మాట, "ఎన్‌క్రిప్షన్ ఉన్నా లాభం లేదండీ, హ్యాకర్లు పగలగొట్టేస్తారు" అని. ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఎందుకంటే ఆ నమ్మకంతోనే జనం చెయ్యగలిగిన జాగ్రత్తలు కూడా మానేస్తారు. జరిగినవి వరసగా తీసి చూడండి. పాస్‌వర్డ్ ఇంకేదో సైట్ నుంచి లీకై ఉంటుంది, ఓటీపీని యజమానే చదివి వినిపించి ఉంటాడు, చాట్ బ్యాకప్‌కి అసలు తాళమే వేసి ఉండరు, డిజిటల్ డబ్బు దాచుకునే వాలెట్‌ని తెరిచే పదాలు రాసిన కాగితం ఫొటో ఫోన్ గ్యాలరీలో ఉంటుంది. తాళం చెక్కుచెదరలేదు, దాని చెవి మాత్రం దొంగ చేతికి పోయింది.

ఫోన్లూ బ్రౌజర్లూ రోజూ వాడే ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని బెల్జియం గూఢలిపి నిపుణులు యోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించారు. 2001లో అది ప్రమాణంగా ఖరారైంది. అందులో తాళంచెవి కీ, అంటే సున్నాలూ ఒకట్లూ వరసగా పేర్చిన రహస్య సంఖ్య. అది 128 బిట్లైతే, అంటే అలాంటి 128 అంకెలైతే, 34 పక్కన 37 సున్నాలు పెట్టినన్ని అవకాశాలు. సెకనుకి లక్ష కోట్ల కీలు ప్రయత్నించే యంత్రాల్ని ఒక కోటి వరకూ పోగేసి నడిపినా, అన్నీ పూర్తయ్యేసరికి లక్ష కోట్ల సంవత్సరాలు పడుతుంది. అంత ఓపిక ఏ దొంగకీ లేదు, అందుకే వాడు పక్కదారి వెతుక్కుంటాడు. గూఢలిపి నిపుణుడు ఒగుస్ట్ కెర్కాఫ్స్ 1883లోనే తేల్చి చెప్పాడు: పద్ధతంతా శత్రువుకి తెలిసిపోయినా ఫరవాలేదనేలా ఉండాలి, రహస్యం కీలో మాత్రమే ఉండాలి అని. "మా సొంత రహస్య ఎన్‌క్రిప్షన్" అని ఏ యాప్ అయినా గొప్పలు చెప్పుకుంటే దాన్ని ఫోన్‌లోంచి తీసేయండి. పదిమంది నిపుణులు పరీక్షించని తాళం అది.

ఇక కీ దగ్గరికొద్దాం. దాన్ని దాచడం కంటే ముందు అది ఎలా పుట్టిందో చూడాలి. 2023లో బయటపడ్డ ఒక లోపం దీనికి మంచి పాఠం. లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ అనే పనిముట్టుతో కొందరు బిట్‌కాయిన్ వాలెట్లు తయారుచేసుకున్నారు. వాలెట్ కీని పదాల రూపంలో రాసుకుంటారు. బయటికి 24 పదాలు, 256 బిట్ల బలం, అంతా పద్ధతిగానే కనబడేది. లోపల మాత్రం ఆ పదాలన్నీ కంప్యూటర్ గడియారం నుంచి తీసుకున్న 32 బిట్ల సంఖ్యలోంచే పుట్టేవి. అంటే సాధ్యమయ్యే వాలెట్లు మొత్తం కలిపి 429 కోట్లే. మామూలు కంప్యూటర్‌తో అన్నిటినీ వరసగా తయారుచేసి, డబ్బున్నవి ఏరుకోవచ్చు. దొంగలు ఏరుకున్నారు. గడియారం సున్నా దగ్గరుంటే వచ్చే మొదటి రెండు పదాలు మిల్క్, శాడ్. అందుకే ఆ లోపానికి మిల్క్ శాడ్ అన్న పేరే నిలిచిపోయింది. పదాలు 24 ఉన్నంత మాత్రాన బలం రాదు, అవి ఎంత యాదృచ్ఛికంగా వచ్చాయన్నదే లెక్క.

మనిషి బుర్ర ఈ పనికి అస్సలు పనికిరాదు. పేరు, పుట్టిన సంవత్సరం, చివర ఆశ్చర్యార్థకం, "a" ఉండాల్సిన చోట "@". ఈ ఎత్తులన్నీ దొంగల ప్రోగ్రాముల్లో నియమాలుగా ఎప్పుడో చేరిపోయాయి. 2009లో రాక్‌యూ అనే సైట్ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఏ మరుగూ లేకుండా బయటపడ్డాయి. మనుషులు పాస్‌వర్డ్‌లు ఎలా అల్లుతారో నేర్చుకోవడానికి ఈనాటికీ ఆ జాబితానే పాఠ్యపుస్తకం.

మంచి సైట్లు పాస్‌వర్డ్‌ని నేరుగా దాచవు, దాని హ్యాష్‌ని, అంటే వెనక్కి తిప్పలేని లెక్కతో వచ్చే ముద్రని, దాస్తాయి. ఆ హ్యాష్ దేనితో చేశారన్నది మన చేతిలో లేదు. ఎండీ5, షా-1 లాంటి వేగమైన పద్ధతులైతే ఒక గ్రాఫిక్స్ కార్డు సెకనుకి వందల కోట్ల ఊహల్ని పరీక్షిస్తుంది. బీక్రిప్ట్, ఆర్గాన్2 లాంటివి కావాలనే నెమ్మదిగా నడుస్తాయి, కాబట్టి దొంగకి ఒక్కో ఊహా ఖరీదౌతుంది. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి దొంగిలించినవి సాల్ట్, అంటే ఒక్కో పాస్‌వర్డ్‌కీ వేరుగా చేర్చే యాదృచ్ఛిక ముక్క, కూడా కలపని షా-1 హ్యాష్‌లు. 2016లో అవి అమ్మకానికొచ్చినప్పుడు చూస్తే 11.7 కోట్ల ఖాతాలవని తేలింది. అక్కడ దొరికిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జంటల్ని మిగతా సైట్లన్నిటిలో వేసి చూడ్డం యంత్రాలకి నిమిషాల పని. ఒకే పాస్‌వర్డ్ పదిచోట్ల వాడితే, ఆ పదింటిలో అతి బలహీనమైన సైట్ ఎంత భద్రమో మీ ఈమెయిల్ కూడా అంతే భద్రం.

బుర్రలో పెట్టుకోవాల్సిన పాస్‌వర్డ్‌లు రెండో మూడో ఉంటే చాలు: మిగతా పాస్‌వర్డ్‌లన్నీ దాచే యాప్ అయిన పాస్‌వర్డ్ మేనేజర్‌ది, కంప్యూటర్‌ది, కావాలంటే ప్రధాన ఈమెయిల్‌ది. వాటికి పాచికలతో పదాలు ఎంచే డైస్‌వేర్ పద్ధతి మంచిది. జాబితాలో 7,776 పదాలుంటాయి, అంటే 6ని ఐదుసార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య. పాచికని ఐదుసార్లు వేసి, వచ్చిన ఐదంకెల సంఖ్యకి ఎదురుగా ఉన్న పదం రాసుకోవాలి. ఒక్కో పదం 12.9 బిట్లు, ఆరు పదాలకి 77 బిట్లు. చాలామంది తప్పుచేసేది ఇక్కడే. వచ్చిన పదం నచ్చలేదని మళ్లీ వేస్తారు, లేదా వాక్యంలా కుదరాలని వరస మారుస్తారు. నచ్చేవి ఏరుకోవడం మొదలుపెడితే లెక్కంతా నీరుగారిపోతుంది. తెలుగు పదాల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే ఇంకా భద్రం కదా అని కొందరంటారు. పాచికతో ఎంచినంత వరకూ ఏ భాషైనా బలం ఒకటే. కానీ మన పదాలతో ఒక చిక్కుంది. దీర్ఘానికి "a" ఒకటా రెండా, "వ"కి "v" పెట్టారా "w" పెట్టారా అన్నది ఆర్నెల్ల తర్వాత గుర్తుండదు. సొంత తాళం ముందు మనమే నిలబడిపోతాం.

మిగతావన్నీ పాస్‌వర్డ్ మేనేజర్‌కి వదిలేయండి, ఒక్కోటి 20 అక్షరాలు, దేనికది వేరు. "అన్నీ ఒకేచోట పెడితే ఒకేసారి పోవా?" అన్నది న్యాయమైన ప్రశ్నే. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ నుంచి ఖాతాదారుల వాల్ట్‌ల, అంటే పాస్‌వర్డ్‌ల పెట్టెల, నకళ్లు దొంగలకి చిక్కాయి. పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, వెబ్‌సైట్ చిరునామాలు మాత్రం విప్పే ఉన్నాయి. ఆ పెట్టెని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ బలంగా ఉన్నవాళ్ల వాల్ట్ అప్పుడు దొంగకి ఉత్త చెత్తమూట. బలహీనంగా ఉన్నవాళ్లది తీరిగ్గా ఇంట్లో కూర్చుని విప్పుకోవచ్చు. కాబట్టి మేనేజర్ సెట్టింగుల్లోకి వెళ్లి మాస్టర్ పాస్‌వర్డ్ నుంచి కీని ఎలా తయారుచేస్తోందో చూడండి. ఆర్గాన్2 ఉంటే అది ఎంచుకోండి. పీబీకేడీఎఫ్2 అనే పద్ధతి ఉంటే ఆవృత్తుల సంఖ్య, అంటే లెక్కని ఎన్నిసార్లు తిప్పుతుందన్నది, 6,00,000కి తగ్గకూడదు. పాత ఖాతాల్లో ఈ సంఖ్య ఒక్కోసారి ఎప్పటిదో అలాగే ఉండిపోతుంది, దానంతటది పెరగదు.

మేనేజర్‌తో ఇంకో మేలుంది, దాన్ని చాలామంది గమనించరు. సైట్ చిరునామా ఒక్క అక్షరం తేడా ఉన్నా అది పాస్‌వర్డ్ నింపదు. మన కంటికి సున్నా, "o" ఒకేలా కనబడొచ్చు, దానికి కనబడవు. ఎప్పుడూ నింపేది ఇవాళ నింపకపోతే చేత్తో అతికించకండి. ముందు చిరునామా చదవండి.

పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో తాళం విషయంలో మూడు మెట్లున్నాయి. కింది మెట్టు ఎస్ఎంఎస్ ఓటీపీ. అసలేమీ లేకపోవడం కంటే నయమే, కానీ మీ నంబరు మీ చేతిలో లేదు, టెలికం సంస్థ చేతిలో ఉంది. వాళ్ల ఉద్యోగిని మభ్యపెట్టి మీ నంబరుని కొత్త సిమ్‌లోకి ఎక్కిస్తే చాలు, ఓటీపీలు అటు పోతాయి. ఫోన్‌లో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి, ఫోన్ ఆపి మళ్లీ పెట్టినా రాకపోతే, ఇంకో ఫోన్ నుంచి వెంటనే ఆ సంస్థకి చెప్పండి. రేపు చూద్దాంలే అనుకునే విషయం కాదు.

రెండో మెట్టు ఆథెంటికేటర్ యాప్. మీరు స్కాన్ చేసిన క్యూఆర్ కోడ్‌లో ఉండేది ఒక రహస్య సంఖ్య. యాప్ దాన్నీ, 30 సెకన్ల ముక్కలుగా కోసిన కాలాన్నీ కలిపి ఆరంకెలు తయారుచేస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, గడియారం సరిగ్గా ఉంటే చాలు. కోడ్ సరైనదే అయినా సైట్ ఒప్పుకోవట్లేదంటే ముందు ఫోన్‌లో టైమ్ ఆటోమేటిక్‌గా ఉందో లేదో చూడండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. ఆ క్యూఆర్ కోడ్‌ని స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో ఉంచుకుంటే, ఆ ఫొటో దొరికినవాడి దగ్గర కూడా అవే ఆరంకెలు పుడుతుంటాయి.

ఈ ఆరంకెల్లో ఒక లోటుంది: ఎక్కడ టైప్ చేస్తున్నామో వాటికి తెలీదు. దొంగ సైట్ అసలు సైట్‌లాగే కనబడుతుంది. మీరు కొట్టిన పాస్‌వర్డ్‌నీ ఆరంకెల్నీ అది అదే క్షణంలో అసలు సైట్‌కి అందించి, లోపలికి వెళ్లిపోతుంది. 30 సెకన్లు దొంగకి చాలా ఎక్కువ సమయం. పై మెట్టు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే పాస్‌కీ, విడిగా కొనే చిన్న పరికరమైన సెక్యూరిటీ కీ. అవి దొంగని ఆపేది ఇక్కడే. అవి చేసే సంతకంలో సైట్ చిరునామా కూడా కలిసి ఉంటుంది, వేరే చిరునామాకి ఆ కీ అసలు పలకదు. మోసపోవడం, మోసపోకపోవడం మన చూపు మీద ఆధారపడదు. గూగుల్ 2017లో తన 85,000 మందికి పైగా ఉద్యోగులకి ఇలాంటి భౌతిక కీలు తప్పనిసరి చేసింది. ఆ తర్వాత పని ఖాతా ఒక్కటి కూడా ఫిషింగ్‌కి, అంటే ఇలాంటి దొంగ సైట్ల మోసానికి, చిక్కలేదని 2018లో చెప్పింది. కొనేటప్పుడు రెండు కొని, రెంటినీ ఒకే రోజు నమోదు చేసుకోండి. ఒకటి జేబులో, ఇంకోటి ఇంట్లో భద్రంగా. రెండో తాళం పోతే లోపలికి వెళ్లడానికి సైట్ ఇచ్చే రికవరీ కోడ్‌లు కాగితం మీద అచ్చు వేయండి. ఫోన్ పోయాక వాటికోసం వెతకడమంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే.

ఈమెయిల్ ఖాతా అన్ని తాళాలకీ తల్లి లాంటిది. మిగతా ప్రతి సైట్‌లోనూ "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కితే దారి దానిలోకే. ఎప్పుడైనా ఎవరో చొరబడ్డారని అనుమానం వస్తే పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి ఊరుకోకండి. సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తెరిచి చూడండి. దొంగలు పోతూ పోతూ మీ ఉత్తరాల నకలు వాళ్లకి చేరేలా ఒక నియమం పెట్టి పోతారు. పాస్‌వర్డ్ మారినా అది పనిచేస్తూనే ఉంటుంది. లాగిన్ అయి ఉన్న పరికరాలన్నిటినీ తీసేయండి, రికవరీ నంబరు మీదేనా చూడండి, అనుమతి ఇచ్చిన బయటి యాప్‌లని రద్దు చేయండి.

మెసేజుల్లో కూడా ఇదే కథ. వాట్సాప్ 2016 నుంచి పూర్తిగా ఎండ్-టు-ఎండ్, అంటే పంపినవాళ్ల దగ్గరా అందుకున్నవాళ్ల దగ్గరా తప్ప మెసేజ్ తెరుచుకోదు. దారిలో ఎవరూ చదవలేరు, నిజమే. కానీ క్లౌడ్ బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ వచ్చింది 2021లో, అది కూడా మీరు ఆన్ చేస్తేనే. సెట్టింగుల్లో చాట్స్, చాట్ బ్యాకప్, అందులో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ తెరవాలి. పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ ఎంచుకోమంటుంది. పోగొట్టుకుంటే కంపెనీ కూడా తెరవలేదు, కాబట్టి మేనేజర్‌లో వెంటనే రాసేయండి. అవతలివాళ్ల బ్యాకప్‌కి తాళం లేకపోతే మీ మాటలు అక్కడ ఉంటాయి. అందుకే ఇంట్లో అందరి ఫోన్లకీ ఒకేసారి చేయడం మేలు. టెలిగ్రామ్ మీద మాత్రం చాలామందికి పొరపాటు అభిప్రాయం ఉంది. అందులో మామూలు చాట్‌లు ఎండ్-టు-ఎండ్ కావు, సీక్రెట్ చాట్ విడిగా తెరిస్తేనే అవుతుంది. గ్రూపులకి ఆ వీలు కూడా లేదు.

లోపలి మాట దాగినా, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న పైవివరం దాగదు. అర్ధరాత్రి ఎవరికి ఎన్నిసార్లు చేశారో తెలిస్తే ఏం మాట్లాడారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అందుకే యాప్‌ని ఎంచుకునేటప్పుడు "ఏం ఎన్‌క్రిప్ట్ చేస్తుంది" అన్నదానితోపాటు "నా గురించి తన దగ్గర ఏం నిల్వ ఉంచుకుంటుంది" అని కూడా అడగాలి. 2016లో అమెరికాలో సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌కి న్యాయపరమైన ఆదేశం వస్తే, వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ. ఇంకేమీ దాచుకోలేదు కాబట్టి ఇవ్వడానికి ఇంకేమీ లేదు.

మీ ఇంటర్నెట్ రాకపోకల్ని వేరే కంపెనీ మీదుగా పంపే వీపీఎన్ గురించి రెండు ముక్కలు చాలు. చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ ఉన్న, అంటే దారంతా ఎన్‌క్రిప్ట్ అయిన, సైట్‌లో మీరు ఏ పేజీ చదివారో ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకి కనబడదు, ఏ సైట్‌కి వెళ్లారో మాత్రం మామూలుగా తెలిసిపోతుంది. వీపీఎన్ పెట్టుకుంటే ఆ తెలియడం వాళ్ల నుంచి వీపీఎన్ కంపెనీకి మారుతుంది. ఉచితంగా ఇచ్చే వీపీఎన్‌కి డబ్బు ఎక్కడినుంచి వస్తోందో ఆలోచించండి. ఇక బ్రౌజర్‌లో తాళం గుర్తు ఉన్నంత మాత్రాన సైట్ మంచిదని కాదు. 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ ఆ గుర్తుకి కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తోంది. అది ఇంటర్నెట్‌కి చేసిన మేలు చాలా పెద్దది, కానీ దొంగ సైట్లు కూడా అది తెచ్చుకుంటాయి. దారి భద్రమని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది, చేరిన ఇల్లు ఎవరిదో చెప్పదు.

"నేరస్తుల్ని పట్టుకోవాలంటే ప్రభుత్వం దగ్గర ఒక మారుతాళం ఉంటే తప్పేంటి?" అన్న వాదన ఏటా ఏదో ఒక దేశంలో లేస్తుంది. అడిగేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ మంచివాళ్లకి మాత్రమే తెరుచుకునే తలుపు ఇంతవరకూ ఎవరూ కట్టలేకపోయారు. 1993లో అమెరికా క్లిప్పర్ చిప్ అని అలాంటిదే తెచ్చింది. 1994లో మాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు అందులోని పర్యవేక్షణ భాగాన్ని తప్పించుకోవచ్చని చూపించాడు. దానికి కాపలా పెట్టిన తనిఖీ సంఖ్య 16 బిట్లే. 2004, 2005 మధ్య గ్రీస్‌లో జరిగింది ఇంకా భయంకరం. టెలిఫోన్ స్విచ్చుల్లో చట్టబద్ధమైన నిఘా కోసం ఉంచిన సదుపాయాన్నే ఎవరో బయటివాళ్లు వాడుకుని, ప్రధానమంత్రితో సహా వందమందికి పైగా ఫోన్లు విన్నారు. మారుతాళం అంటూ ఒకటి ఉంటే ప్రతి దొంగా దానికోసమే వెతుకుతాడు. ఈ విషయంలో మధ్యేమార్గం నాకు కనబడదు.

డిజిటల్ డబ్బుకొస్తే, క్రిప్టో అన్న పేరు చూసి అదంతా రహస్యమనుకుంటారు. బిట్‌కాయిన్‌లో లావాదేవీల చిట్టా ఎన్‌క్రిప్ట్ అయి ఉండదు. 2009 జనవరి 3 నాటి మొదటి బ్లాక్, అంటే చిట్టాలో మొదటి పేజీ లాంటిది, అక్కడినుంచి ప్రతి జమా ఖర్చూ ఎవరైనా చదువుకోవచ్చు. గూఢలిపి శాస్త్రం అక్కడ చేసే పని సంతకం, దాపరికం కాదు. డబ్బు అందుకునే చిరునామా ఎవరిదో ఒక్కసారి తెలిస్తే వెనకటి చరిత్రంతా బయటికొస్తుంది. 2021లో అమెరికా ఇంధన సంస్థ కలోనియల్ పైప్‌లైన్ తన కంప్యూటర్లని బంధించిన దుండగులకి చెల్లించిన 75 బిట్‌కాయిన్లలో 63.7ని దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆ చిట్టా పట్టుకునే వెంబడించి వెనక్కి తెచ్చింది. కాబట్టి ఒకే చిరునామాని అందరికీ ఇవ్వకండి, ప్రతి రాబడికీ కొత్తది తీసుకోండి. వాలెట్ దానంతటదే ఇస్తుంది.

క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజీలో ఉంచిన నాణేలకి కీ మీది కాదు. అక్కడ మీకున్నది ఒక హామీ మాత్రమే. 2014లో మౌంట్ గాక్స్, 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజీలు కూలినప్పుడు తెరమీద అంకెలు చూసుకుంటూ కూర్చున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. కొనడానికీ అమ్మడానికీ ఎక్స్ఛేంజీ వాడండి, దాచుకోవడానికి వద్దు.

సొంతంగా దాచుకుంటే వాలెట్ కీని పుట్టించే సీడ్ పదాలే సర్వస్వం. జాబితాలో 2,048 పదాలు, ఒక్కోటి 11 బిట్లు. 12 పదాలకి 132 బిట్లు, అందులో 128 అసలు రహస్యం, 4 తనిఖీ కోసం. మొదటి నాలుగు అక్షరాలతోనే ఏ పదమో తేలిపోతుంది, కాబట్టి లోహపు పలక మీద చెక్కేటప్పుడు నాలుగేసి అక్షరాలు చాలు. వరస సంఖ్య మాత్రం తప్పకుండా వేయండి.

తెలివిగా దాస్తున్నాననుకుని మూడు కాగితాలు చేసి, ఏ రెండు కలిపినా మొత్తం వచ్చేలా ఒక్కోదాంట్లో 8 పదాలు రాసేవాళ్లున్నారు. లెక్క వేసి చూడండి. ఒక కాగితం దొరికినవాడికి తెలియనివి 4 పదాలు, అంటే 44 బిట్లు. తనిఖీ 4 బిట్లూ వాడికే సాయం చేస్తాయి, మిగిలేది 40. అంటే లక్ష కోట్లకి కాస్త పైన. ఒక్కో ఊహకి 2,048 ఆవృత్తుల లెక్క చేయాల్సి వచ్చినా, గ్రాఫిక్స్ కార్డులు ఉన్నవాడికి అది దాటరాని గోడేమీ కాదు. అదే 24 పదాలతో చేస్తే ఒక కాగితం మీద 16, తెలియనివి 8, మిగిలేది 80 బిట్లు. అది గట్టిదే. 12 పదాలున్నవాళ్లు ముక్కలు చేయొద్దు. మొత్తం ఒకే పలక మీద రాసి, రెండు పలకలు రెండు చోట్ల పెట్టండి. విడగొట్టే ఉద్దేశం ఉంటే ఒకదానికొకటి సంబంధం లేని మూడు కీలతో, ఏ రెండు సంతకాలైనా సరిపోయేలా మల్టీసిగ్ పెట్టుకోవడం సరైన దారి.

సీడ్ పదాలకి తోడుగా మీరే ఎంచుకునే, 25వ పదం అని పిలిచే పాస్‌ఫ్రేజ్ పెట్టుకుంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. అది తప్పు కొట్టినా వాలెట్ తప్పని చెప్పదు. ఇంకో ఖాళీ వాలెట్ తెరుస్తుంది. పెద్దక్షరం, చిన్నక్షరం, చివర పొరపాటున పడ్డ ఖాళీ, అన్నీ లెక్కలోకొస్తాయి. డబ్బు పోయిందని గుండె పట్టుకునేవాళ్లలో కొందరిది ఇదే.

పంపేటప్పుడు చిరునామా మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి పంపేయడం చాలామందికి అలవాటు. దొంగలు ఆ ఎనిమిదీ కలిసే చిరునామాలు తయారుచేసి, వాటినుంచి మీకు చిల్లర పంపి, మీ లావాదేవీల చరిత్రలో కూర్చోబెడతారు. మీరు పాతదే అనుకుని అక్కడినుంచి కాపీ చేస్తారని వాళ్ల ఆశ. క్లిప్‌బోర్డులో చిరునామాని మార్చేసే వైరస్‌లు వేరే ఉన్నాయి. మధ్య అక్షరాలు కూడా, కీని తన లోపలే ఉంచుకునే చిన్న పరికరమైన హార్డ్‌వేర్ వాలెట్ తెరమీదే చదవండి. మొదట చిన్న మొత్తం పంపి, అందిందని అవతలివాళ్లు చెప్పాక మిగతాది పంపండి. వెనక్కి పిలిచే మీట ఇక్కడ లేదు.

కేంద్ర బ్యాంకుల డిజిటల్ కరెన్సీ దీనికి పూర్తిగా వేరు. 2020 అక్టోబరులో బహామాస్ శాండ్ డాలర్‌తో దేశమంతటా మొదలుపెట్టింది, తర్వాత మరికొన్ని దేశాలు ఆ దారి పట్టాయి. సౌకర్యమే. కానీ చేతి నోటుకి ఎవరు ఏం కొన్నారో తెలీదు, ఆ గుణం కొత్త డబ్బులో ఎంత మిగులుతుందన్నది సాంకేతికత తేల్చేది కాదు, చట్టం తేల్చేది. చిన్న మొత్తాలకైనా పేరు అడగని వీలుండాలని గట్టిగా అడగాలి, అదీ నియమాలు రాస్తున్న ఇప్పుడే.

ఇవన్నీ సర్దుకున్నాక వాలెట్‌లో పెద్ద మొత్తం వేయకముందు ఒక పరీక్ష చేయండి. కాస్త డబ్బు వేసి, మొదటి రాబడి చిరునామాని కాగితం మీద రాసుకోండి. హార్డ్‌వేర్ వాలెట్‌ని పూర్తిగా చెరిపేయండి. పలక మీద ఉన్న పదాలు చూసి, పాస్‌ఫ్రేజ్ ఉంటే అది కూడా వేసి, తిరిగి నిలబెట్టండి. అదే చిరునామా వచ్చిందా? వస్తే ఇంట్లో నమ్మకమైనవారికి ఒక ఉత్తరం రాసి పెట్టండి: ఏ పరికరం, పలక ఎక్కడుంది, పాస్‌ఫ్రేజ్ ఉందా లేదా, ముందు ఎవరిని అడగాలి. ఆ ఉత్తరంలో పదాలు మాత్రం రాయకండి.